పుట్టకముందే అంటిన ఇన్ఫెక్షన్

మా పాప 29వ వారంలో, 1,140 గ్రాముల బరువుతో పుట్టింది. పుట్టిన మరునాడే రక్తంలో ఇన్ఫెక్షన్ చేరిందని డాక్టర్లు చెప్పినప్పుడు, బిడ్డను ఎవరు ముట్టుకున్నారు, ఎవరు చేతులు కడుక్కోకుండా దగ్గరికి వెళ్లారు అనే ప్రశ్న తప్ప మా ఇంటివాళ్లకు మరొకటి తోచలేదు. అప్పటికి కన్నతల్లినైన నేను కూడా పాపను తాకలేదు. ఆ ఇన్ఫెక్షన్ నా కడుపులో ఉండగానే అంటిందని నాకు అర్థం కావడానికి, అర్థమైన తర్వాత ఇంట్లో అందరికీ వివరించడానికి చాలా సమయం పట్టింది.

మాది పరకాల దగ్గరి పల్లె. ఒక తెల్లవారుజామున పక్క తడిసి మెలకువ వచ్చింది. మూత్రమేమోనని అత్తమ్మ అనుకున్నది కానీ, కబురందగానే వచ్చిన ఆశా కార్యకర్త తడిసిన బట్టను చూసి, "ఇది ఉమ్మనీరే అక్కా, ఎన్ని గంటలకు మొదలైందో యాది పెట్టుకో, దవాఖానల మొదలు అదే అడుగుతరు" అని 108కు ఫోన్ చేసింది. ఆమె అన్నట్టే వరంగల్‌లో డ్యూటీ డాక్టర్ మొదట అడిగింది ఆ గంట గురించే. ఉమ్మనీటి సంచి ఉన్నంతవరకు బిడ్డకు కింది నుంచి వచ్చే సూక్ష్మక్రిములు చేరకుండా అదొక అడ్డు. అది చిరిగి 18 గంటలు దాటిందంటే ఇన్ఫెక్షన్ భయం పెరిగిందనే లెక్క వేసుకుంటారు. నాకు వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడడానికి డెక్సామెథాసోన్ సూదులు, 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకటిగా నాలుగు ఇచ్చారు. చేతితో లోపల పరీక్ష చేసిన ప్రతిసారీ క్రిములు పైకి చేరే వీలుంటుంది కాబట్టి, నొప్పులు లేనంతకాలం ఆ పరీక్ష జోలికి పోలేదు.

సూదులు పూర్తయ్యాక నాకు చలితో జ్వరం వచ్చింది. పొత్తికడుపు మీద చేయి పెడితే ఓర్చుకోలేని నొప్పి, పోతున్న నీటికి దుర్వాసన, లోపల బిడ్డ గుండె మరీ వేగంగా కొట్టుకోవడం, ఇవన్నీ చూసి గర్భసంచిలోనే ఇన్ఫెక్షన్ వచ్చిందని తేల్చారు. ఇక కాన్పును ఆపకూడదన్నారు. పాప పుట్టగానే ఏడవలేదు. మాస్కుతో శ్వాస అందించి పైకి తీసుకుపోయారు.

మొదటి రోజు ఫర్వాలేదన్నారు. మరునాడు నన్ను చక్రాల కుర్చీలో తీసుకువెళ్లేసరికి పాప ఉండుండి శ్వాస ఆపుతున్నది, ఒళ్లు మచ్చలు మచ్చలుగా పాలిపోయింది. డాక్టర్ ఛాతీ మీద వేలితో నొక్కి వదిలారు. తెల్లబడిన చోట మళ్లీ ఎరుపు రావడానికి మూడు సెకన్లు దాటింది. నా బొటనవేలంత పాదంలో నరం వెతికి, చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి, ఆరేదాకా ఆగి, ఒక మిల్లీలీటరు రక్తాన్ని కల్చర్ సీసాలోకి (రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే సీసా) తీయడం నా కళ్ల ముందే జరిగింది. అంత చిన్న ఒంటికి అది తక్కువ రక్తమేమీ కాదు, అయినా అంతకన్నా తగ్గితే క్రిమి దొరక్కపోవచ్చునట.

పుట్టిన 72 గంటల లోపు బయటపడే ఇన్ఫెక్షన్ సాధారణంగా తల్లి నుంచే వస్తుందని పిల్లల డాక్టర్ ఓపికగా చెప్పారు. తల్లి నుంచి బిడ్డకు మాయ ద్వారా అందే రక్షణ పదార్థాలలో ఎక్కువ భాగం చివరి నెలల్లోనే చేరుతుంది, మా పాప వాటిని అందుకోకముందే బయటికి వచ్చింది. పైగా నీరు పోవడం వల్లనే ఇన్ఫెక్షన్ వచ్చిందా, లోపల ముందే ఉన్న ఇన్ఫెక్షన్ వల్ల సంచి చిరిగిందా అనేది చాలాసార్లు విడదీసి చెప్పలేరు. ఆ మాట విన్న తర్వాత, నేను తిన్నదాన్నీ తిరిగినదాన్నీ తవ్వి చూడడం మా ఇంట్లో ఆగిపోయింది.

పక్క వార్మర్ (పసిపిల్లలకు వెచ్చదనమిచ్చే పడక) మీద ములుగు వైపు నుంచి వచ్చిన ఒకామె బాబు ఉండేవాడు. దాదాపు అదే బరువు, అవే వారాలు. ఆమెకు బీపీ ఎక్కువైతే, నొప్పులు రాకముందే, ఉమ్మనీటి సంచి చెక్కుచెదరకుండానే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆ బాబుకు కల్చర్‌లో ఏమీ రాకపోవడంతో యాంటీబయాటిక్ త్వరలోనే ఆపేశారు. తక్కువ బరువు ఒక్కటే ప్రమాదం కాదని, బిడ్డ ఎందుకు, ఎలా ముందుగా పుట్టిందనేది కూడా అంతే ముఖ్యమని నాకు ఆ రెండు వార్మర్ల మధ్య నిలబడ్డప్పుడే తెలిసింది. ఇంత చిన్న పిల్లలందరికీ ఒకే రకమైన భయం, ఒకే రకమైన మందు అనుకోవడం సరికాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కల్చర్‌లో క్లెబ్సియెల్లా వచ్చింది. మన దేశంలో అప్పుడే పుట్టిన పిల్లల రక్తంలో తరచుగా కనిపించే క్రిముల్లో అదొకటి, ఆంపిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు అది స్వతహాగా లొంగదు. ఏ మందు పనిచేస్తుందో తెలిపే రిపోర్టు చూసి, అమికాసిన్‌తో పాటు మరొకటి మొదలుపెట్టారు. మెదడు పొరలకు పాకి ఉంటే కనీసం మూడు వారాలు మందులు వాడాలని వెన్ను నుంచి నీరు తీసి చూశారు, అందులో క్రిమి లేదు. నా జ్వరం అప్పటికే తగ్గింది కాబట్టి గంటలు చూసుకుని పాలు పిండి పంపేదాన్ని. మొదట గొట్టం ద్వారా చుక్కలు చుక్కలుగా, తర్వాత ఉగ్గుగిన్నెతో ఇచ్చారు. శ్వాస కుదుటపడ్డాక పాపను నా ఛాతీకి ఆనించి కట్టుకుని కూర్చోమన్నారు. నేను అలసిపోతే మా అమ్మ కట్టుకునేది.

ఇంటికి పంపేటప్పుడు కంటి పరీక్ష, చెవి పరీక్ష తప్పనిసరి అని కార్డు మీద రాశారు. నెలలు నిండకుండా పుట్టినందువల్ల కంటి వెనుక పొరకు, అమికాసిన్ వల్ల వినికిడికి ముప్పు ఉండవచ్చునట. రెండూ చేయించాం, రెండూ బాగున్నాయి. కూర్చోవడం, నిలబడడం వంటివి పుట్టిన రోజు నుంచి కాక, పుట్టవలసిన తేదీ నుంచి లెక్కపెట్టుకోమన్నారు. ఆ లెక్కన పాప వయసుకు తగ్గట్టే ఎదుగుతున్నది. నేను మళ్లీ గర్భం దాలిస్తే మొదటి పరీక్షలోనే ఈసారి జరిగినదంతా చెప్పాలని, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నదేమో ముందుగానే చూపించుకోవాలని డాక్టర్ నా కార్డులో వేరుగా రాసి ఇచ్చారు.