ఖాజాగూడ గుండ్ల నుంచి అనంతగిరి నల్లరాతి దాకా

హైదరాబాద్ గుట్టల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలని ఈ ఊళ్లో చాలామందికి తెలుసు. అయితే ఆ రాయి దేని నుంచి పుట్టిందన్నది వేరే ప్రశ్న. భూమి లోతుల్లోని మాంటిల్ కరిగి పైకొచ్చిందా, లేక అప్పటికే ఉన్న పాత భూపటలం మళ్లీ కరిగి గడ్డకట్టిందా? కంటితో చూసి చెప్పడం కష్టం. జవాబు రాతిలోని మూలకాల పాళ్లలోనూ, ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) నిష్పత్తుల్లోనూ దొరుకుతుంది. ఆ లెక్క ఎలా కడతారో చూడాలన్న కోరికతో, భూరసాయన శాస్త్రంలో పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక కుటుంబ మిత్రుని వెంట డిసెంబరు చలిలో ఖాజాగూడ నుంచి వికారాబాద్ దగ్గరి అనంతగిరి దాకా తిరిగి వచ్చాను. ఇంటిల్లిపాదీ ఆయనను సార్ అనే పిలుస్తాం కనుక ఇక్కడా అలాగే రాస్తాను.

ఖాజాగూడలో ఎండ ఎక్కకముందే ఒక గుండు పక్కన కూర్చుని సార్ చేతి భూతద్దం నాకిచ్చారు. గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ పలుకులు, వాటి మధ్య బూడిదరంగు గాజులా క్వార్ట్జ్, అక్కడక్కడా మెరిసే నల్లటి బయొటైట్ రేకులు కనిపించాయి. ఆ గులాబీ పలుకుల్లో పొటాషియం ఉంటుంది. పరమాణు పరిమాణంలో దానికి దగ్గరగా ఉండే రుబీడియం దాని స్థానంలో దూరి కూర్చుంటుంది. స్ట్రాన్షియం మాత్రం కాల్షియం ఉన్న ప్లాజియోక్లేజ్ అనే మరో రకం ఫెల్డ్‌స్పార్‌ను వెతుక్కుంటుంది. రుబీడియం-87 మెల్లగా క్షయించి స్ట్రాన్షియం-87 అవుతుంది. దాని అర్ధజీవితకాలం సుమారు 4,960 కోట్ల సంవత్సరాలు, అంటే భూమి వయసుకు పది రెట్లకు పైమాటే. ఒకే శిలాద్రవం నుంచి పుట్టిన రాళ్లలో రుబీడియం ఎక్కువ ఉన్నవాటినీ తక్కువ ఉన్నవాటినీ కొలిచి, రుబీడియం పాలును అడ్డంగా, స్ట్రాన్షియం-87కీ క్షయం వల్ల పెరగని స్ట్రాన్షియం-86కీ ఉన్న నిష్పత్తిని నిలువుగా గ్రాఫు మీద గుర్తిస్తే ఆ బిందువులు ఒక సరళరేఖ మీద పడతాయి. ఆ రేఖ వాలు వయసును చెబుతుంది, అది నిలువు అక్షాన్ని తాకే చోటు పుట్టుకను చెబుతుంది. 250 కోట్ల ఏళ్ల కిందట మాంటిల్‌లో స్ట్రాన్షియం 87కీ 86కీ ఉన్న నిష్పత్తి 0.701 చుట్టుపక్కల ఉండేది. రేఖ అంతకంటే బాగా పైన తాకిందంటే, రుబీడియం సమృద్ధిగా ఉన్న పాత భూపటలం ఎంతోకొంత కరిగి ఈ రాతిలో కలిసిందని అర్థం. వయసు కంటే ఈ రెండో సంఖ్యే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. హైదరాబాద్ కూడా ఉన్న తూర్పు ధార్వార్ క్రేటన్ (అతి పురాతనమైన, గట్టిపడిన భూపటలపు ఖండం) గ్రానైట్లలో రెండు వంశాలూ కలిసే ఉన్నాయని, మాంటిల్ నుంచి కొత్తగా వచ్చిన ద్రవమూ, మళ్లీ కరిగిన పాత పటలమూ వేర్వేరు పాళ్లలో కనిపిస్తాయని సార్ చెప్పారు.

ఖాజాగూడలో మేము సుత్తె తీయలేదు. ఆ గుండ్లను కొట్టడం తప్పే కాక, వాటి పైపొర ఎండకూ వానకూ మెత్తబడి ఉంటుంది కనుక అందులో రుబీడియం, స్ట్రాన్షియం మొదటి పాళ్లలో మిగలవు. నమూనాకు తాజా రాయి కావాలి. అది ఈ రోజుల్లో కోకాపేట వైపు ఆకాశహర్మ్యాల పునాది గుంతల్లోనే పుష్కలంగా దొరుకుతుందంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుంత పక్కన పోసిన గుట్టలోంచి, అక్కడి సూపర్‌వైజరు అనుమతితో, బూడిదరంగు ముక్క ఒకటీ గులాబీరంగు ముక్క ఒకటీ తీసుకున్నాం.

ఆ ముక్కలు ఏమవుతాయో నగరంలోని ఒక ప్రయోగశాలలో చూశాను. బూట్లకు తొడుగులు వేసుకుని గాజు కిటికీ ఇవతలే నిలబడ్డాం. రాతిని స్టీలు మరలో కాక అగేట్ మరలో పొడి చేస్తారు, లేకపోతే మరలోని లోహం నమూనాలో కలిసి క్రోమియం వంటి మూలకాల లెక్క పాడవుతుంది. ఆ పొడిని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తారు. ఈ ఆమ్లం గాజును తినేస్తుంది కనుక టెఫ్లాన్ పాత్రలే వాడాలి. తరువాత సన్నని రెజిన్ గొట్టాల గుండా పంపి స్ట్రాన్షియంను, నియోడిమియంను విడదీస్తారు. చివరికి మిగిలిన చుక్కను వెంట్రుకలాంటి లోహపు తీగ మీద ఆరబెట్టి మాస్ స్పెక్ట్రోమీటరులో వేడి చేస్తే, అయాన్లు అయస్కాంత క్షేత్రంలో బరువును బట్టి వంగి వేర్వేరు గిన్నెల్లో పడతాయి. తేడాలు తరచుగా దశాంశం తరువాత నాలుగో ఐదో అంకెలో ఉంటాయి కనుక అక్కడి శుభ్రత చాదస్తం కాదు. నియోడిమియం కథ స్ట్రాన్షియానికి తలకిందులుగా నడుస్తుంది: క్షయించి నియోడిమియం-143గా మారే సమేరియం పాలు పాత భూపటలంలో తక్కువ కనుక కాలం గడిచేకొద్దీ నియోడిమియం-143 నిష్పత్తి మాంటిల్ కంటే వెనకబడిపోతుంది. రెండు సాక్ష్యాలూ ఒకే మాట చెప్పినప్పుడే మూలం గురించి నమ్మకంగా మాట్లాడతారు. రేర్ ఎర్త్ మూలకాల (నియోడిమియం, సమేరియం ఉన్న కుటుంబం) వరుసలో యూరోపియం దగ్గర గుంట కనిపిస్తే ప్లాజియోక్లేజ్ వెనకే ఉండిపోయిందని, బరువైన ఇటర్బియం బాగా తగ్గితే మూలశిలలో గార్నెట్ అనే ఖనిజం మిగిలిందని, అంటే కరగడం బాగా లోతులో జరిగిందని గ్రహిస్తారు.

అనంతగిరి ప్రయాణం మరో రోజు జరిగింది. చేవెళ్ల దాటాక గుండ్లు పలచబడి, చల్క నేలల మధ్య నల్లరేగడి కనిపించసాగింది. మనం 250 కోట్ల ఏళ్ల గ్రానైట్ మీది నుంచి 6.6 కోట్ల ఏళ్ల దక్కన్ బసాల్ట్ (లావా గడ్డకట్టిన నల్లరాయి) మీదికి ఎక్కామని సార్ అన్నారు. చాయ్ హోటల్ దగ్గర మా సంచి చూసి ఒకాయన, "ఏమన్న దొరుకుతదా సార్ ఈ రాళ్లల్ల?" అని అడిగాడు. "పైసలైతే దొరకయి తమ్మీ" అని సార్ జవాబిచ్చారు. మూసీ పుట్టే ఆ కొండల పైభాగమంతా ఎర్రటి లాటరైటే. వానలు దానిలోని సిలికాను, కాల్షియాన్ని కడిగేశాయి కనుక పుట్టుక అడగడానికి అది పనికిరాదు. కిందికి దిగి, బావి తవ్వి పోసిన రాళ్లలో వెతికాం. తెల్లటి జియోలైట్ నిండిన బుడగలున్న రాళ్లను, అది తరువాత వచ్చి చేరిన ఖనిజమని, సార్ పక్కన పడేశారు. బుడగల్లేని నల్లటి ముక్క ఒకటి మాత్రం ఉంచుకున్నారు.

దక్కన్ లావాకు కూడా వంశాలున్నాయి. పశ్చిమ కనుమల్లో బుషే, అంబెనలి, మహాబలేశ్వర్ అని పేర్లు పెట్టిన పొరల్లో, పైకొస్తూ భూపటలాన్ని బాగా కలుపుకున్న బుషే లావాలో స్ట్రాన్షియం నిష్పత్తి 0.71 దాటుతుంది. పెద్దగా కలుపుకోని అంబెనలిలో అది 0.704 దగ్గరే నిలుస్తుంది. ఈ పోలికలే గోదావరి తీరాన రాజమహేంద్రవరం పక్కనున్న కాతేరు, అవతలి ఒడ్డున పంగిడి క్వారీల రాతి గుట్టు విప్పాయి. అక్కడి లావా రసాయనం అంబెనలి, మహాబలేశ్వర్ రకాలతో సరిపోయింది కనుక, పడమటి నుంచి పాత నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి వచ్చి ఉంటుందని పరిశోధకులు భావించారు. కోస్తాలో ఇళ్ల స్లాబుల్లో పడే పంగిడి కంకర అంత దూరం నడిచొచ్చిందంటే వెంటనే నమ్మబుద్ధి కాలేదు. రసాయన పోలిక ఒక్కటే చాలదన్నది నిజమే. అందుకే ఆ రాళ్ల వయసునూ, చల్లారేటప్పుడు వాటిలో నిలిచిపోయిన అయస్కాంత దిశనూ కూడా పడమటి పొరలతో సరిచూశారని వికారాబాద్ నుంచి తిరిగొచ్చే దారిలో సార్ వివరించారు.