ఒక్కరికి సరిపడే నీళ్ళు

వైశాఖం వస్తే చాలు, ఉదకుంభ దానానికి, అంటే నీళ్ళ కుండ దానానికి, కుండ రాగిదా మట్టిదా, దక్షిణ ఎంత, ఏ తిథి మంచిది అని ఆరాలు మొదలవుతాయి. అదే ఇంటికి మిట్టమధ్యాహ్నం గ్యాస్ బండ మోసుకొచ్చిన కుర్రాడికి మాత్రం మంచినీళ్ళు ఇవ్వాలని తోచదు. చూస్తే బాధే కాదు, కోపం కూడా వస్తుంది నాకు.

భాగవతం నవమ స్కంధంలో రంతిదేవ మహారాజు కథ మనందరికీ తెలిసిందే. 48 రోజుల పస్తు తర్వాత దొరికిన అన్నాన్ని అతిథులకు పెట్టేయడం ప్రవచనాల్లో బాగానే చెబుతారు. నా మనసు మాత్రం ఆ తర్వాతి ఘట్టం దగ్గరే ఆగిపోతుంది. మిగిలినవి ఒక్కరి దాహానికి సరిపడే నీళ్ళు. తాగబోతుండగా, అంటరానివాడని లోకం దూరం పెట్టిన పుల్కసుడు వచ్చాడు. సంస్కృత మూలంలో అతను తనని తానే 'అశుభుణ్ణి' అని చెప్పుకుని నీళ్ళడుగుతాడు. లోకం ఎన్నిసార్లు అంటే ఒక మనిషి తన గురించి అలా చెప్పుకుంటాడు! దానికి పోతన గారి రంతిదేవుడి జవాబు చూడండి:

"అన్నము లేదు కొన్ని మధురాంబువులున్నవి త్రావుమన్న రావన్న"

తనకే ప్రాణం పోయేంత దాహం. అయినా లేనిది లేదని చెప్పాడు, ఉన్నది తాగమన్నాడు, దగ్గరికి రమ్మన్నాడు. అంతకుముందు కుక్కలతో వచ్చిన అతిథికి అన్నం పెట్టి, ఆయనతో పాటు ఆ కుక్కలకూ నమస్కరించాడు. పుణ్యం లెక్కలు వేసుకునేవాడు కుక్కకు దణ్ణం పెట్టడు. వాటిలో హరి కనబడ్డాడు కాబట్టే పెట్టాడు. ఆ నీళ్ళిచ్చాక తన ఆకలి, దాహం, అలసట అన్నీ పోయాయంటాడు. మోక్షం కూడా వద్దు, ప్రాణులన్నిటి లోపలా ఉండి వాటి దుఃఖం నేను పడతానంటాడు.

మా వీధిలో చెత్త తీసుకెళ్ళే ఆవిడకు ఓ ఎండపూట నీళ్ళు ఇవ్వబోతే, "గ్లాసు వద్దమ్మా, దోసిట్లో పొయ్యండి" అంది. నాకు వెంటనే ఆ పుల్కసుడే గుర్తొచ్చి గొంతు పూడుకుపోయింది. "మేం తాగే గ్లాసే, కూర్చుని తాగమ్మా" అన్నాను. ఇప్పుడు దాహమేస్తే తనే గేటు తీసుకుని వస్తుంది, వాళ్ళమ్మాయి చదువు గురించి నాలుగు మాటలు చెప్పి వెళ్తుంది.

చలివేంద్రాలు పెట్టే పెద్దలకు నమస్కరించి అడుగుతున్నాను. ఫ్లెక్సీ మీద ఫొటో ఎవరిదన్నది తర్వాత, ముందు కుండలో నీళ్ళున్నాయా చూడండి. రోజూ కడిగి నింపండి. పిట్టలకు ఓ మూకుడు పక్కన పెట్టండి. పనిమనిషికీ వాచ్‌మన్‌కీ వేరే గ్లాసు దాచి ఉంచితే దాన్ని ఇవాళే తీసేయండి.