మూడంతస్తుల అద్దాలకు పోల్ ఎంచుకోవడం: నా అనుభవం

కొండాపూర్, మియాపూర్ వైపు మేం తుడిచే అద్దాల్లో చాలామటుకు చిన్న బిల్డింగులవే. కింద షోరూమ్, పైన క్లినిక్కో కోచింగ్ సెంటరో, ముందంతా గ్లాసు. పెద్ద ఐటీ టవర్లకైతే తాడు మీద వేలాడి తుడిచేవాళ్లు, జూలాలు (తాళ్లకి వేలాడే తొట్లు) ఉంటాయి. వీటికి టెర్రస్ మీద తాడు బిగించడానికి గట్టి కొక్కెం కూడా ఉండదు. నిచ్చెన వేద్దామంటే కింద బైకులు. రెండో అంతస్తు దాకా అల్యూమినియం రాడ్డు చివర ఒకసారి సబ్బునీళ్లు పూసే అప్లికేటర్, ఒకసారి వైపర్ తగిలించి నెట్టుకొచ్చాం. ఆ పైకి వెళ్లేసరికి మా కుర్రాళ్ల భుజాలు పట్టేసేవి. ముక్కలు ఒకదాన్లోంచి ఒకటి లాగి పొడవు పెంచే, చివర బ్రష్‌తో, లోపలి పైపులోంచి నీళ్లు పంపి కింది నుంచే కడిగే తేలికైన పోల్ కోసం వెతుకులాట అక్కడ మొదలైంది.

ముందు పొడవు తేల్చుకోవాలి. అంతస్తుకి పదడుగుల చొప్పున, జీ ప్లస్ టూ (కిందిదాంతో కలిపి మూడంతస్తులు) అంటే అద్దం పై అంచు 30 అడుగుల దగ్గర ఉంటుంది. పోల్‌ని మనం పట్టుకునేది ఛాతీ ఎత్తున, అంటే నాలుగడుగులు కలిసొస్తాయి. కానీ గోడకి ఏడెనిమిది అడుగుల దూరంలో నిలబడాలి, చేతుల కింద రెండు మూడడుగుల పోల్ మిగలాలి. కూడికలూ తీసివేతలూ అయ్యాక గోడ ఎంతెత్తో పోల్ కూడా దాదాపు అంతే పొడవు కావాలి. కొన్ని కేటలాగుల్లో 'రీచ్' అని వేసే అంకెలో మనిషి ఎత్తు కూడా కలిసి ఉంటుంది. అందుకే పూర్తిగా లాగితే పోల్ ఒక్కటే ఎన్నడుగులు వస్తుందని విడిగా అడిగేవాణ్ని.

తర్వాత మెటీరియల్. ఘన సెంటీమీటరుకి అల్యూమినియం 2.7 గ్రాములు, గ్లాస్ ఫైబర్ గొట్టం సుమారు 2, కార్బన్ ఫైబర్ గొట్టం 1.6 దరిదాపుల్లో. ఇంతవరకే చూస్తే గ్లాస్ ఫైబర్ కొనేసి ఇంటికి పోవచ్చు, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. రాణిగంజ్‌లో ఒక షాపులో 30 అడుగుల గ్లాస్ ఫైబర్ పోల్ చూపించి "చాలా లైట్ సార్" అన్నారు. నిజమే, ముడిచి ఉన్నప్పుడు తేలికే. నాతో వచ్చిన మా సీనియర్ కుర్రాడు దాన్ని బయట ఫుట్‌పాత్ మీద మొత్తం లాగి, బ్రష్ తగిలించి, ఎదురు గోడకి ఆనించి రెండుసార్లు ఆడించి చూశాడు. "అన్నా, బరువు గాదు, ఊగుతుంది. నేను ఈడ రుద్దితే అది ఆడ రుద్దుతుంది" అన్నాడు.

ఆ మాట వెనక లెక్క ఉంది. గొట్టం మందం, వ్యాసం మారకుండా పొడవు పెరిగితే, సొంత బరువుకి అది వంగేది పొడవు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 20 అడుగుల నుంచి 30కి వెళ్తే పొడవు ఒకటిన్నర రెట్లే, వంపు మాత్రం ఐదు రెట్లు. చివరన ఉన్న బ్రష్ బరువు వల్ల వచ్చే వంపు మూడు రెట్లు దాటుతుంది. పోల్ గోడకి నిలువుగా ఆని ఉన్నప్పుడు ఇది పెద్దగా తెలియదు. నేల మీంచి లేపేటప్పుడు, ఒక కిటికీ నుంచి పక్క కిటికీకి జరిపేటప్పుడు ఆ భారమంతా నడుం మీదికి వస్తుంది. కార్బన్ అంత తేలిగ్గా వంగదు, దానికి డబ్బు పోసేది ఈ బిగువు కోసం. తేలిక కూడా దాంతోపాటే వస్తుంది. కార్బన్‌లోనూ రకాలున్నాయి: గ్లాసు కలిపిన హైబ్రిడ్, మామూలు కార్బన్, ఇంకా గట్టిదైన హై మాడ్యులస్. మెట్టు మెట్టుకీ ధర చుక్కలు చూపిస్తుంది.

కేటలాగులో రాసే బరువు ఒట్టి పోల్‌ది. దానికి బ్రష్, బ్రష్ వంచడానికి పైన తగిలించే మెడ, లోపల పైపు, ఆ పైపులో నీళ్లు కలుస్తాయి. లోపలి వ్యాసం 5 మిల్లీమీటర్ల పైపైతే మీటరుకి 20 మిల్లీలీటర్ల లోపే పడుతుంది, అంటే పది మీటర్లకి 200 గ్రాములు. చేతి దగ్గరి 200 గ్రాములు ఎవరూ పట్టించుకోరు, చివరన ఉంటే అదే చంపుతుంది. అందుకే పోల్‌లో వంద గ్రాములు తగ్గించుకోవడం కంటే తేలికైన బ్రష్ కొనడం లాభం. అమ్మేవాళ్లు ఈ సంగతి తమంతట తాము చెప్పగా నేను వినలేదు.

నీళ్ల మాటకొస్తే, అంత ఎత్తున వైపర్‌తో గీత పడకుండా లాగడం నావల్ల కాదు, మా వాళ్లవల్లా కాదు. బ్రిటన్‌లో 2005లో ఎత్తుల్లో పనికి కొత్త నిబంధనలు వచ్చాక నిచ్చెనలు తగ్గి, పోల్ లోంచి శుద్ధమైన నీళ్లు పంపి కడిగే పద్ధతి బాగా పెరిగింది. తుడవక్కర్లేదు, ఆరితే మరక మిగలదు. కానీ దానికి నీళ్ల టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) పది లోపు, వీలైతే సున్నా దగ్గర ఉండాలి. తాగే నీటికే మన ప్రమాణం 500 దాకా ఒప్పుకుంటుంది, మా బోరు నీళ్లు దాన్నీ దాటేస్తాయి. నేరుగా లవణాల్ని పట్టేసే రెజిన్ సిలిండర్‌లోకి పంపితే రెజిన్ చూస్తుండగానే అయిపోతుంది. ముందు ఆర్ఓ, తర్వాత రెజిన్ పెట్టుకున్నాం. పోల్ బడ్జెట్‌లో ఇది కూడా వేసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది కరెంటు గురించి. అల్యూమినియంలాగే కార్బన్ కూడా కరెంటుని మోస్తుంది. గ్లాస్ ఫైబర్ మోయదు కదా అని ఒకరు చెప్పబోయారు. ఒళ్లంతా తడి, దుమ్ము పట్టిన పోల్‌ని నేనైతే నమ్మను. 11 కేవీ తీగకీ బిల్డింగుకీ మధ్య అడ్డంగా 1.2 మీటర్లు ఉంటే చాలని మన నిబంధన. అంటే అంతా రూల్ ప్రకారమే ఉన్నా, గోడ పక్కన లేపిన పోల్‌కి తీగ తగిలేంత దగ్గరే. తీగ ముందున్న గోడలకి ఏ పోల్‌తోనూ పని ఒప్పుకోకూడదని కొనకముందే రాసుకున్నాం. రెండు పాత గిరాకీలు పోయాయి, పోనీ.

చివరికి తీసుకుంది 30 అడుగుల మామూలు కార్బన్. 40 అడుగుల హై మాడ్యులస్ కోట్ చూసి దండం పెట్టా. నాలుగో అంతస్తు పని మాకు నెలకొకటి వస్తే గొప్ప, దానికి అద్దె లిఫ్ట్ చాలు. ఆ రకంలోనే రెండు పోల్స్ మధ్య తటపటాయిస్తుంటే, లాగిన ముక్కల్ని బిగించి పట్టే క్లాంపులే తేల్చాయి. ఒకదానిలో క్లాంపు పాడైతే ఆ ముక్క మొత్తం మార్చాలట, ఇంకోదానిలో క్లాంపు విడిగా దొరుకుతుంది, స్క్రూతో మనమే బిగించుకోవచ్చు. పైగా దీనికి అడుగున ఉన్న లావు ముక్కలు ఊడొస్తాయి. మొదటి అంతస్తు చేసేటప్పుడు వాటిని తీసేసి పైముక్కలతోనే పని కానిస్తున్నాం.

మన దుమ్ముకి క్లాంపుల్లో ఇసుక చేరి కార్బన్ మీద గీతలు పడుతున్నాయి, అందుకని సాయంత్రం ప్రతి ముక్కా లాగి కడిగి తడిగుడ్డతో తుడుస్తున్నారు. ఎండాకాలం నల్ల పోల్ చెయ్యి కాలేంత వేడెక్కుతుంది కాబట్టి గ్లవ్స్ తప్పవు. చివరి ముక్కకి ఒక అదనపు క్లాంపు కొని వ్యాన్‌లో పెట్టాం.