ఆవిడ నాటకాలు ఎప్పుడు మానేసింది?

రంగస్థల నటి ఒకావిడ జీవితం మీద డాక్యుమెంటరీ తీద్దామని కూర్చునేసరికి నా దగ్గరున్నవి నలభై ఫోటోలు, ఒక 8 ఎం.ఎం. రీలు (ఇళ్లలో తీసుకునే సన్నపాటి సినిమా ఫిల్ము), గంటలకొద్దీ మాట్లాడగల ఆవిడ కూతురు. ఆర్నెల్లలో తేలిపోయే పని అనుకున్నాను. రెండేళ్లు పట్టింది.

మొదటి దెబ్బ ఫోటోల దగ్గరే తగిలింది. 4 అంగుళాల ఫోటోని 300 డీపీఐలో (అంటే అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే వెడల్పు 1,200 పిక్సెళ్లే వస్తుంది. తెరకు కావాల్సినవి 1,920. మెల్లగా ముఖం దగ్గరికి జూమ్ వెళ్దామంటే ముక్కు ఉండాల్సిన చోట గళ్లు కనిపించాయి. అన్నీ మళ్లీ 1,200 డీపీఐలో స్కాన్ చేశాను. వారం గోవిందా.

రీలు డిజిటల్‌గా మార్చి తెచ్చాక కూతురికి చూపించాను. ఆవిడ కాసేపు చూసి, "మా అమ్మ ఇలా గబగబా నడిచేది కాదు బాబూ" అంది. అప్పుడు వెలిగింది. సెకనుకు 16 ఫ్రేములతో తీసినదాన్ని 24తో నడిపించారు. 4 నిమిషాల పైచిలుకు రీలు 2 నిమిషాల 47 సెకన్లలో అయిపోయింది. వేగం సరిచేస్తే, తలుపు దగ్గర ఆగి కొంగు సర్దుకునే మనిషి కనిపించింది. సినిమా మొత్తంలో ఆవిడ కదిలేది అక్కడొక్కచోటే.

ఇంటర్వ్యూలు 19 గంటలు వచ్చాయి. (గదిలో నిశ్శబ్దాన్ని విడిగా అర నిమిషం రికార్డు చేసుకోవాలని ఎవరూ చెప్పలేదు. ఎడిటింగ్‌లో ప్రతి కట్ దగ్గరా ఫ్యాను చప్పుడు తెగిపోతుంటే తెలిసింది.) అన్నిటినీ కాగితం మీద రాసుకుని, పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ కథ అల్లాను. "అమ్మ 1962లో నాటకాలు మానేసింది" అని కూతురు మూడుసార్లు చెప్పింది. నేనూ వాయిస్ ఓవర్లో అదే రాసేశాను.

తర్వాత ఒక పాత సహనటుడి పెట్టెలోంచి 1964 నాటి కరపత్రం బయటపడింది. అందులో ఆవిడ పేరుంది. దాన్ని తీసుకెళ్లి కూతురి చేతిలో పెట్టాను, కెమెరా నడుస్తూనే ఉంది. చాలాసేపు ఏమీ అనలేదు. "అయితే నేను నిద్రపోయాక వెళ్లేదన్నమాట. మానేశానని నాకు మాటిచ్చింది" అంది చివరికి. ఆ ముక్క ఉంచమంటారా, తీసేయమంటారా అని అడిగాను. రెండు రోజులు ఆలోచించుకుని, ఉంచమంది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ప్రదర్శన దృశ్యాలు ఒక్కటీ లేవు. రఫ్ కట్‌లో, అంటే తొలి కూర్పులో, ఎక్కడిదో పాత నాటకశాల జనం ఫుటేజీ అతికించాను. బ్రహ్మాండంగా కుదిరింది. చూసిన మిత్రుడు, "ఇది ఆవిడ నాటకానికి వచ్చిన జనమేనా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. సోవియట్ దర్శకుడు ఐసెన్‌స్టీన్ 1928 నాటి 'అక్టోబర్' సినిమా కోసం జనంతో నటింపజేసి తీసిన వింటర్ ప్యాలెస్ (రష్యా రాజభవనం) ముట్టడి దృశ్యాలు, తర్వాత 1917 రష్యా విప్లవం నాటి అసలు దృశ్యాలుగా చలామణి అయిపోయాయి. ఆయన తీసింది కథా చిత్రం కాబట్టి తప్పు ఆయనది కాదు, అలా వాడుకున్నవాళ్లది. నేను రెండో జాబితాలో చేరబోయాను. ఆ ఫుటేజీ తీసేసి 22 సెకన్లు నల్లటి తెర పెట్టాను, వెనక సహనటుడు డైలాగులు గుర్తు తెచ్చుకుంటూ చెప్పే గొంతు. మొదట భయమేసింది గానీ ఇప్పుడు నాకు నచ్చే చోటు అదే.

34 నిమిషాల సినిమా పూర్తయింది. "1964లో ఇదే ఆవిడ ఆఖరి ప్రదర్శన" అని నా గొంతుతోనే ధీమాగా చెప్పాను. మొదటిసారి వేసి చూపించిన రోజు, వెనక వరసలోంచి ఒక పెద్దాయన నెమ్మదిగా వచ్చి పర్సులోంచి మడతలు పడిన కాగితం తీశాడు. తేదీ 1965.

మర్నాడు మళ్లీ మైకు ముందు కూర్చున్నాను. "మాకు దొరికిన వాటిలో ఆఖరిది" అని మార్చి చదివాను.