సహసమితిని మూలకంగా చూడటం: బీఎస్సీ ఆల్జీబ్రాతో నా అనుభవం

బీఎస్సీ మూడో సెమిస్టర్‌లో అమూర్త బీజగణితం మొదలయ్యే నాటికి మేము చదివిన గణితం అవకలన సమీకరణాలు, ఘన రేఖాగణితం. ఆ రెండింటిలోనూ లెక్కను చూడగానే ఏ పద్ధతి వాడాలో గుర్తుపట్టడం సగం పని, ఆ పద్ధతిలో చెయ్యి తిరగడం మిగతా సగం. ఈ కొత్త పేపరులో మొదటి పుటలోనే ఒక సమితి, దాని మీద ఒక పరిక్రియ, ఆ పరిక్రియ పాటించవలసిన నాలుగు నియమాలు కనిపించాయి. ఆ నియమాలు నెరవేరితే దాన్ని సమూహం (గ్రూప్) అంటారు. సంవృతం, సాహచర్యం, తత్సమ మూలకం (దేనితో కలిపినా దాన్ని మార్చనిది), విలోమం (కలిపితే తత్సమ మూలకాన్ని ఇచ్చేది) అనే ఆ నాలుగింటినీ కంఠస్థం చేయడానికి ఒక సాయంత్రం చాలు. వాటితో ఏం చేయాలన్నది తెలియడానికి మాత్రం ఆ సెమిస్టరంతా పట్టింది.

మొదటి యూనిట్‌లో నాకు బాగా ఉపయోగపడింది పట్టికలు రాయడం. అట్టముక్కను చతురస్రంగా కత్తిరించి, మూలలకు రెండు వైపులా ఒకే అంకెలు వేసుకుని, దాన్ని తిప్పీ బోర్లించీ మళ్ళీ అదే చోట అమరే విధాలన్నీ రాసుకున్నాను. నాలుగు భ్రమణాలు, నాలుగు ప్రతిబింబాలు కలిపి ఎనిమిది వస్తాయి. ఒకదాని తరువాత ఒకటి చేస్తే ఏది వస్తుందో అరవై నాలుగు గడుల్లో నింపుతున్నప్పుడు, ప్రతి అడ్డువరుసలోనూ ప్రతి మూలకం సరిగ్గా ఒక్కసారే వస్తోందని గమనించాను. పుస్తకంలో కొట్టివేత నియమాలుగా కనిపించిన రెండు పంక్తుల నిరూపణ చెబుతున్నది ఇదే. సమూహాన్ని ఇలా పట్టికతో చూపే పద్ధతి 1854లో ఆర్థర్ కేలీ రాసిన వ్యాసంలో ఉందని తరువాత తెలిసింది. చిన్న సమూహాలకు ఈ పద్ధతిని మించిన అభ్యాసం లేదని ఇప్పటికీ నా నమ్మకం. నాలుగు మూలకాలున్న సమూహాలు నిర్మాణపరంగా రెండే రకాలని పట్టిక నింపే ప్రయత్నంలోనే తేలిపోతుంది. దానికి ఏ సిద్ధాంతమూ అవసరం లేదు.

లెగ్రాంజ్ సిద్ధాంతం దగ్గర నాకు ఇబ్బంది కలగలేదు. సమూహంలో భాగమై, అదే పరిక్రియతో తానూ సమూహమైనది ఉపసమూహం; దాని మూలకాలన్నిటినీ సమూహంలోని ఒకే మూలకంతో గుణిస్తే వచ్చే గుంపు సహసమితి (కోసెట్). పరిమిత సమూహాన్ని ఒక ఉపసమూహపు సహసమితులుగా విడదీస్తే అవన్నీ ఒకే పరిమాణంలో ఉంటాయి, ఒకదానితో ఒకటి అతివ్యాప్తం కావు, కాబట్టి ఉపసమూహంలోని మూలకాల సంఖ్య మొత్తం సంఖ్యను భాగిస్తుంది. పరీక్షలో తరచుగా అడిగే ప్రశ్న కావడంతో దాదాపు అందరికీ అది నోటికి వచ్చు. దీని విపర్యయం ఎందుకు నిలవదో మాత్రం చాలామంది పట్టించుకోలేదు. ప్రస్తారమంటే వస్తువులను తారుమారు చేసే ఒక విధం; రెండేసి వస్తువుల మార్పిడులు సరి సంఖ్యలో చేస్తే వచ్చేది సరి ప్రస్తారం. నాలుగు వస్తువుల సరి ప్రస్తారాల సమూహంలో పన్నెండు మూలకాలున్నా, ఆరు మూలకాల ఉపసమూహం ఒక్కటీ లేదు. అలాంటిది ఉంటే అది సమూహంలో సరిగ్గా సగం కాబట్టి, సమూహంలోని ప్రతి మూలకపు వర్గమూ అందులోనే పడాలి. మూడు వస్తువులను చక్రంగా తిప్పే ప్రస్తారాలు ఎనిమిది ఉన్నాయి, వాటిలో ప్రతిదీ తన విలోమానికి వర్గమే. ఆరు స్థానాల్లో ఎనిమిది పట్టవు. ఇంత పొట్టి వాదన అంత గట్టిగా నిలబడటం చూశాక ఈ సబ్జెక్టు మీద నాకు ఇష్టం మొదలైంది.

అసలు కష్టం కోషెంట్ సమూహంతో వచ్చింది. అంతవరకు మూలకమంటే ఒక సంఖ్య, ఒక మాత్రిక, లేదా అట్టముక్కను తిప్పే ఒక విధం. ఇప్పుడు ఒక సహసమితి మొత్తాన్నీ ఒకే మూలకంగా తీసుకుని, అలాంటి రెండింటిని గుణించమన్నారు. పూర్ణాంకాల విషయంలో ఇది సులువుగానే కనిపించింది, ఎందుకంటే పన్నెండుతో భాగిస్తే ఒకే శేషం మిగిలే సంఖ్యలన్నిటినీ ఒక్కటిగా చూడటం గడియారం చూసేవారందరికీ అలవాటే. అయితే ఆ సౌలభ్యమే మమ్మల్ని కొంత పక్కదారి పట్టించిందని చెప్పాలి. పూర్ణాంకాల సంకలనం వినిమయ ధర్మాన్ని పాటిస్తుంది కాబట్టి అక్కడ ప్రతి ఉపసమూహమూ అభిలంబ ఉపసమూహమే, అంటే దాని ఎడమ, కుడి సహసమితులు ఒకటే. కోషెంట్ సమూహానికి అభిలంబ అనే షరతు ఎందుకు పెట్టారో ఆ ఉదాహరణ ఎన్నటికీ చెప్పదు.

ఆ షరతు అవసరం ఏమిటో తెలియాలంటే అది లేనప్పుడు ఏం చెడుతుందో చూడాలి. మూడు వస్తువుల ప్రస్తారాల సమూహంలో తత్సమ మూలకాన్నీ, ఒకటినీ రెండునూ తారుమారు చేసే (1 2)నూ కలిపి హెచ్ అనే ఉపసమూహంగా తీసుకున్నాను. గుణకారాన్ని కుడి నుంచి ఎడమకు చేస్తే (1 3)తో ఏర్పడే ఎడమ సహసమితిలో (1 3), (1 2 3) ఉంటాయి; (1 2 3) అంటే ఒకటిని రెండుకు, రెండును మూడుకు, మూడును ఒకటికి పంపేది. (2 3)తో ఏర్పడే దానిలో (2 3), (1 3 2) ఉంటాయి. ఇప్పుడు మొదటి సహసమితిని దానితోనే గుణించాలి. ప్రతినిధిగా (1 3)ను తీసుకుంటే దాని వర్గం తత్సమ మూలకం కాబట్టి లబ్ధం హెచ్. అదే సహసమితి నుంచి (1 2 3)ను తీసుకుంటే దాని వర్గం (1 3 2), అంటే లబ్ధం (2 3) ఉన్న సహసమితి. ప్రతినిధి మారితే సమాధానం మారిపోతోంది కాబట్టి ఆ గుణకారం సునిర్వచితం కాదు. పుస్తకంలో 'ఈ పరిక్రియ సునిర్వచితమని చూపుదాం' అని మొదలయ్యే పేరా ఎంత పని చేస్తోందో ఈ ఒక్క లెక్కతో తెలిసింది. (కొన్ని పుస్తకాలు ప్రస్తారాలను ఎడమ నుంచి కుడికి గుణిస్తాయి. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివేవారు ముందుగా ఈ సంగతి చూసుకోకపోతే సమాధానాలు కుదరక తల పట్టుకోవలసి వస్తుంది.)

ఇక్కడ మా సిలబస్ వరుస గురించి ఒక మాట చెప్పాలి. అందులో సమూహాలు, ఉపసమూహాలు, అభిలంబ ఉపసమూహాలు, సమరూపతలు (పరిక్రియ చెడకుండా ఒక సమూహాన్ని మరో సమూహానికి పంపే ప్రమేయాలు, అంటే హోమోమార్ఫిజమ్‌లు), చివరగా అయిదో యూనిట్‌గా ప్రస్తారాలు, చక్రీయ సమూహాలు ఉండేవి. వినిమయ ధర్మం లేని సమూహాలకు మన చేతికి అందే మొదటి ఉదాహరణలు ప్రస్తారాలే కాగా, అవి అన్నిటికంటే చివర వస్తాయి. అందుకే పై లెక్కలాంటిది ఆ యూనిట్‌లో ఎవరికీ తారసపడదు. మా లెక్చరర్ గారు ఒక రోజు, 'అయిదో యూనిట్‌లో మొదటి భాగం ఇప్పుడే చదువుకోండి, మూడో యూనిట్ దానంతటదే తేలికవుతుంది' అన్నారు. ఇంటర్మీడియట్‌లో అమరికలను లెక్కపెట్టి వచ్చినవాళ్ళమే కాబట్టి అది కష్టం కాలేదు. ఈ పేపరు చదవబోయేవారికి నేనూ అదే చెబుతాను.

అయినా కోషెంట్ సమూహం నాకు పూర్తిగా పట్టుబడింది నాలుగో యూనిట్ చేరాక, సమరూపతల వైపు నుంచి వెనక్కి చూసినప్పుడే. దీనికి హాస్టల్లోని క్యారమ్స్ బోర్డు సాయపడింది. నలుగురు ఆడేటప్పుడు ఎదురెదురుగా కూర్చునేవారు జతగాళ్ళు. నలుగురిని రెండు జతలుగా విడదీసే మార్గాలు మూడే: ఒకటో ఆటగాడికి రెండోవాడు జత కావచ్చు, మూడోవాడు కావచ్చు, నాలుగోవాడు కావచ్చు; మిగిలిన ఇద్దరూ తమంతట తాము ఒక జత అవుతారు. నలుగురి పేర్లను తారుమారు చేసే విధాలు ఇరవై నాలుగు ఉన్నాయి. అలా పేర్లు మార్చినప్పుడల్లా ఆ మూడు జతకట్ల మధ్య కూడా ఒక తారుమారు జరుగుతుంది. ఉదాహరణకు ఒకటో ఆటగాడి పేరు రెండోవాడికి, రెండోవాడి పేరు ఒకటోవాడికి ఇస్తే, మొదటి జతకట్టు మారదు గాని రెండోది మూడోదిగా, మూడోది రెండోదిగా మారతాయి. మూడు, నాలుగు పేర్లను తారుమారు చేసినా సరిగ్గా ఇదే ఫలితం. అంటే ఇరవై నాలుగు ప్రస్తారాల సమూహం నుంచి ఆరు ప్రస్తారాల సమూహానికి ఒక సమరూపత మన కళ్ళ ముందే ఉంది.

ఒకే ఫలితాన్నిచ్చే ప్రస్తారాలన్నిటినీ ఒక చోట చేర్చి రాస్తే నాలుగేసి చొప్పున ఆరు గుంపులు వచ్చాయి. మూడు జతకట్లలో ఏదీ మారని గుంపులో తత్సమ మూలకం, (1 2)(3 4), (1 3)(2 4), (1 4)(2 3) ఉన్నాయి. ఇదే ఆ సమరూపతకు కెర్నల్. మిగతా అయిదు గుంపులూ దాని సహసమితులే. ఇప్పుడు రెండు గుంపులను గుణించడంలో వింత ఏమీ లేదు, ఎందుకంటే ప్రతి గుంపుకూ జతకట్ల మీద ఒకే ప్రభావం ఉంది. ఆ గుంపు నుంచి ఎవరిని ప్రతినిధిగా పంపినా ఫలితం మారదు. సహసమితి అంటే ఒకే పని చేసే మూలకాల కూటమి అని అనుకున్న తరువాత దాన్ని ఒక మూలకంగా చూడటానికి మనసు మొరాయించలేదు. అభిలంబ ఉపసమూహమంటే ఏదో ఒక సమరూపతకు కెర్నల్ కాగలిగిన ఉపసమూహం. ఎడమ, కుడి సహసమితులు సమానం కావాలన్న షరతు అక్కడి నుంచి రాబట్టుకోవచ్చు. మొదట ఈ మాట చెప్పి, ఆ తరువాత నిర్వచనం ఇచ్చే పుస్తకమే నాకు మంచి పుస్తకం. సమరూపతల ప్రాథమిక సిద్ధాంతం కూడా దీని తరువాత కొత్త విషయంగా అనిపించలేదు. ఆరు గుంపుల సమూహమూ, మూడు జతకట్ల ప్రస్తారాల సమూహమూ ఒకే నిర్మాణమని అది చెబుతుంది, అంతే.

ఈ ఉదాహరణ నేను కనిపెట్టిందేమీ కాదు. సమూహమనే భావన పుట్టకముందే 1770 ప్రాంతంలో లెగ్రాంజ్ నాలుగో తరగతి సమీకరణాలను పరిశీలిస్తూ ఇదే లెక్క చేశాడు. మూలాలు క, ఖ, గ, ఘ అనుకుంటే, క·ఖ + గ·ఘ అనే సమాసం మూలాలను ఇరవై నాలుగు విధాలుగా తారుమారు చేసినా మూడే విలువలు తీసుకుంటుంది. ఆ మూడు విలువలూ ఒక మూడో తరగతి సమీకరణానికి మూలాలవుతాయి. దాన్ని సాధిస్తే నాలుగో తరగతి సమీకరణం లొంగుతుంది. ఇలాంటి విలువల సంఖ్య ఎప్పుడూ మొత్తం ప్రస్తారాల సంఖ్యను భాగిస్తుందన్నదే ఆయన గమనించినది, నేడు ఆయన పేరుతో పిలిచే సిద్ధాంతానికి మూలరూపం. ఒక విలువను మార్చకుండా వదిలే ప్రస్తారాలు ఎనిమిది. అవేమిటో రాసి చూస్తే, కఖలు ఒక కర్ణం మీద, గఘలు రెండో కర్ణం మీద ఉన్న చతురస్రపు ఎనిమిది సౌష్ఠవాలే. అయిదు మూలాలకు వచ్చేసరికి ఇటువంటి కుదింపు దొరకదు. అయిదు వస్తువుల సరి ప్రస్తారాల సమూహంలో అరవై మూలకాలున్నా, తత్సమ మూలకమొక్కటే ఉన్నదీ, సమూహమంతా అయినదీ తప్ప మరో అభిలంబ ఉపసమూహం లేదు. అయిదో తరగతి సమీకరణానికి మూలచిహ్నాలతో సాధారణ సూత్రం లేదని 1824లో ఆబెల్ చూపగా, దాని వెనుక ఉన్న సమూహ నిర్మాణాన్ని బయటపెట్టినవాడు గాల్వా. ఆయన 1832లో ఇరవై ఏళ్ళ వయసులో మరణించాడు. ఆయన రాతప్రతులను 1846లో లియోవిల్ ప్రచురించేదాకా లోకానికి అవి అందనేలేదు. మా పాఠ్యపుస్తకంలో ఈ చరిత్ర ఒక్క పంక్తి కూడా లేదు. ఉంటే అభిలంబ ఉపసమూహం మీద అన్ని పుటలు ఎందుకు ఖర్చు చేస్తున్నారో మొదటి రోజే తెలిసేది.

పరీక్ష సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సిద్ధాంతాలను నిరూపించమనే దీర్ఘ ప్రశ్నలు వచ్చాయి, రాశాను, మంచి మార్కులే వచ్చాయి. కంఠస్థం చేసి రాసిన మిత్రులకూ దాదాపు అవే మార్కులు. తేడా అయిదో సెమిస్టర్‌లో వలయాల (సంకలనం, గుణకారం రెండూ ఉన్న నిర్మాణాల) దగ్గర తెలిసింది. అక్కడ అభిలంబ ఉపసమూహం పోషించిన పాత్రను ఐడియల్ పోషిస్తుంది, కోషెంట్ వలయాన్ని అదే పద్ధతిలో కడతారు, కెర్నల్ మళ్ళీ వస్తుంది. చాలామందికి అదొక కొత్త అధ్యాయమైతే, నాకు తెలిసిన దారిలో రెండోసారి నడిచినట్లే ఉంది.

ఆ అధ్యాయంలో నాకు అన్నిటికంటే నచ్చినది వాస్తవ గుణకాలున్న బహుపదుల వలయాన్ని ఎక్స్ వర్గం + 1తో ఏర్పడే ఐడియల్‌తో కోషెంట్ చేయడం. ఆ బహుపదితో భాగించినప్పుడు ఒకే శేషం మిగిలే బహుపదులన్నీ ఒకే సహసమితిలో చేరతాయి. భాజకం రెండో తరగతిది కాబట్టి ప్రతి శేషమూ ఒక స్థిరసంఖ్య, ఎక్స్‌కు ఒక గుణిజం, ఈ రెండింటి మొత్తంగా ఉంటుంది. గుణకారంలో ఎక్స్ వర్గం వచ్చిన చోటల్లా −1 రాయవచ్చు. 1 + ఎక్స్‌ను దానితోనే గుణిస్తే 1 + 2ఎక్స్ + ఎక్స్ వర్గం, అంటే 2ఎక్స్ వస్తుంది. ఇంటర్మీడియట్‌లో 1 + ఐ అనే సంకీర్ణ సంఖ్య వర్గం 2ఐ అని చేసిన లెక్కా ఇదే. అప్పట్లో ఐ అనే సంఖ్య ఉందని ఒప్పుకోమన్నారు. ఇక్కడ దాన్ని సహసమితులతో మేమే తయారు చేసుకున్నాం.