కాటా గదిలో లోకల్ సర్వర్: దాళ్వాకు ముందు నేర్చుకున్న సంగతులు

దాళ్వా (రబీ వరి) కోతలు మొదలవడానికి కొద్ది రోజుల ముందు, తణుకు దగ్గరి ఒక రైస్ మిల్లులో కాటా వివరాలు నమోదు చేసే వెబ్ ఏపీఐని (ఇతర కంప్యూటర్లు అడిగిన వివరాలను నెట్‌వర్క్ ద్వారా అందించే ప్రోగ్రామును) అక్కడి కంప్యూటర్‌లోనే నడిచేలా అమర్చే పని నాకు అప్పగించారు. లోడు బరువు, ఖాళీ బరువు, తేమ శాతం, 75 కిలోల లెక్కన ఎన్ని బస్తాలు అన్న వివరాలు కాటా గదిలో నమోదైన వెంటనే ఆఫీసు గదిలోని కంప్యూటర్లలో కనిపించాలి. మద్దతు ధరకు కొనే ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు కనుక, కాటా చీటీ మీద పడే ప్రతి అంకె రైతు చేతికి వచ్చే డబ్బుతో ముడిపడి ఉంటుంది. దీన్ని ఇంటర్నెట్‌లోని సర్వర్‌లో పెట్టవచ్చు గానీ, మా డెల్టాలో గాలివాన వచ్చిందంటే కరెంటుకు జనరేటర్ ఉంటుంది, తెగిన ఇంటర్నెట్ కేబులుకు మాత్రం అప్పటికప్పుడు మార్గం ఉండదు. అందుకే మిల్లులోని విండోస్ కంప్యూటర్‌లో విండోస్‌తోపాటే వచ్చే వెబ్ సర్వర్ ఐఐఎస్ మీద నడపాలని నిర్ణయించాం.

నా కంప్యూటర్‌లో ఏ లోపమూ లేకుండా నడిచిన ప్రోగ్రాము అక్కడ మూడు చోట్ల ఆగిపోయింది. మొదటి తప్పు నాదే. ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ హోస్టింగ్ బండిల్‌ను (డాట్‌నెట్‌లో రాసిన ప్రోగ్రాములు ఐఐఎస్ మీద నడవడానికి కావలసినవన్నీ ఉన్న ప్యాకేజీని) ముందు ఇన్‌స్టాల్ చేసి, ఆ తరువాత విండోస్ ఫీచర్లలో ఐఐఎస్‌ను ఆన్ చేశాను. వరుస తప్పడంతో ఐఐఎస్‌కు డాట్‌నెట్ కోర్ మాడ్యూల్ ఒకటుందని తెలియలేదు. ప్రోగ్రాము అమరికల ఫైలైన వెబ్ డాట్ కాన్ఫిగ్‌లో ఆ మాడ్యూల్ పేరు చదవగానే 500.19 లోపం చూపింది. బండిల్ ఇన్‌స్టాలర్‌ను మళ్లీ తెరిచి రిపేర్ చేసి, ఐఐఎస్ సేవలను ఆపి తిరిగి మొదలుపెడితే అది పోయింది. ఐఐఎస్‌లో ప్రోగ్రాము విడిగా నడిచే చోటైన అప్లికేషన్ పూల్‌కు ‘నో మేనేజ్‌డ్ కోడ్’ ఎంచుకోవడం కూడా అప్పుడే పూర్తి చేశాను. డాట్‌నెట్ కోర్‌ను నడిపించేది ఆ మాడ్యూలే కాబట్టి, పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌ను పూల్ లోపలికి తెచ్చుకోవలసిన అవసరం లేదు.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చిన 500.30 దగ్గర ఉంది. ప్రోగ్రాము మొదలవుతూనే పడిపోయిందన్న సంగతి తప్ప ఆ అంకె ఇంకేమీ చెప్పదు. కారణం కోసం వెబ్ డాట్ కాన్ఫిగ్‌లో ప్రోగ్రాము ఇచ్చే సందేశాలను ఫైలులో రాసే ఎస్‌టీడీ అవుట్ లాగ్‌ను ఆన్ చేశాను, అయినా లాగ్ ఫైలు కనిపించలేదు. కాసేపు ఆలోచిస్తే విషయం బోధపడింది. నా కంప్యూటర్‌లో ప్రోగ్రామును నడిపేది నా లాగిన్. ఇక్కడ నడిపేది అప్లికేషన్ పూల్ పేరుతో ఐఐఎస్ సృష్టించిన వేరొక ఖాతా. ఆ ఖాతాకు లాగ్స్ ఫోల్డర్‌లో రాసే హక్కు నేను ఇవ్వలేదు. ఇచ్చిన తరువాత ఫైలు వచ్చింది, అందులో మా డేటాబేస్‌ను నడిపే ఎస్‌క్యూఎల్ సర్వర్ అదే ఖాతా పేరు రాసి లాగిన్ నిరాకరించినట్టు స్పష్టంగా ఉంది. ప్రారంభంలోనే డేటాబేస్ పట్టికలను సరిచూసేలా నేను రాసిన కోడ్ అక్కడే ఆగిపోయింది.

ఇలాంటప్పుడు పూల్‌ను లోకల్ సిస్టమ్ ఖాతా కింద నడపమనీ, ఫోల్డర్‌కు ‘ఎవ్రీవన్’ పేరుతో అన్ని హక్కులూ ఇచ్చేయమనీ సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు. నేను దానికి ఒప్పుకోను. ఏపీఐలో ఎక్కడైనా ఒక కన్నం మిగిలిపోతే, ఆ దారిన వచ్చినవాడికి కంప్యూటర్ మొత్తం తాళాలు అప్పగించినట్టవుతుంది. పూల్ ఖాతాకు ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో లాగిన్ సృష్టించి, ఆ ఒక్క డేటాబేస్‌కు అవసరమైన హక్కులు, లాగ్స్ ఫోల్డర్‌కు రాసే హక్కు, మిగిలిన ఫైళ్లకు చదివే హక్కు ఇచ్చాను. పది నిమిషాల పని, అంతే.

మూడో ఆటంకం చిన్నది. కాటా గదిలో తెరుచుకుంటున్న చిరునామా ఆఫీసు గదిలో తెరుచుకోలేదు. నేను ఎంచుకున్న 8085 పోర్టుకు (నెట్‌వర్క్ నుంచి ప్రోగ్రాముకు చేరే ద్వారం నంబరుకు) విండోస్ ఫైర్‌వాల్‌లో లోపలికి వచ్చే నియమం రాస్తే సరిపోయింది. రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కు మారని ఐపీ చిరునామా కేటాయించడం కూడా మరచిపోకూడదు.

అంతా కుదిరిందనుకున్న మూడో రోజు మధ్యాహ్నం గుమాస్తా గారు ఫోన్ చేశారు. “ఏమండీ, ఇందాకటి దాకా బానే ఉందండీ, ఇప్పుడు నొక్కితే కదలట్లేదండీ” అన్నారు. వెళ్లి పక్కన కూర్చున్నాను. కాటా మీద ట్రాక్టరు ఉంది, తెర మీద అంకె నిలబడింది, ఆయన బటన్ నొక్కారు. కొన్ని సెకన్లు ఏమీ కాకపోయేసరికి మళ్లీ నొక్కారు. ఒకే బరువు రెండుసార్లు నమోదైంది. ఐఐఎస్‌లో 20 నిమిషాల పాటు ఎవరూ అడగకపోతే ప్రోగ్రామును ఆపేసే అమరిక మొదటి నుంచీ ఉంటుంది. రెండు బళ్ల మధ్య అంత విరామం వచ్చినప్పుడల్లా, తరువాతి బండి వారు ప్రోగ్రాము మళ్లీ లేచేదాకా ఆగవలసి వస్తోంది. ఆ గడువును సున్నా చేసి, అంటే ఆపేసే అమరికనే తీసేసి, పూల్ ఎప్పుడూ నడుస్తూ ఉండేలా మార్చాను. అయితే రెండుసార్లు నమోదు కావడం సర్వర్ తప్పు కాదు, నా కోడ్ తప్పు. చీటీ నంబరు రెండోసారి వస్తే అంగీకరించకుండా డేటాబేస్‌లోనే కట్టడి పెట్టి, అప్పటికే పడిన జంట నమోదులను గుమాస్తా గారితో కూర్చుని చీటీ పుస్తకంతో పోల్చి సరిచేశాను.

ఇదే కోవలో ఇంకొక అమరిక ఉంది. ఐఐఎస్ ప్రతి 1740 నిమిషాలకు, అంటే 29 గంటలకు ఒకసారి, పూల్‌ను కొత్తగా మొదలుపెడుతుంది. ప్రతిసారీ ఐదు గంటలు ముందుకు జరిగే ఆ సమయం ఏదో ఒక రోజు బళ్లు బారులు తీరిన వేళకు వచ్చి పడుతుంది. దాన్ని తీసేసి తెల్లవారుజామున మూడు గంటలకు స్థిరపరిచాను. ఇక మార్పులు చేసిన కొత్త ఫైళ్లు వేయాలంటే, ముందు ఫోల్డర్‌లో యాప్ ఆఫ్‌లైన్ డాట్ హెచ్‌టీఎం అన్న ఫైలు పెడతాను. అది కనబడగానే మాడ్యూల్ ప్రోగ్రామును మర్యాదగా ఆపుతుంది, ప్రోగ్రాము కోడ్ ఉండే డీఎల్ఎల్ ఫైళ్ల మీద పట్టు వదులుతుంది. కాపీ పూర్తయ్యాక దాన్ని తీసేస్తే మళ్లీ నడుస్తుంది. హమాలీలు భోజనానికి కూర్చుని, కాటా మీద బండి లేని సమయం చూసుకునే ఆ పని చేస్తాను.