పాఠం గంట దాటేలోపు: జ్ఞాపకం నిలవడంలో డోపమిన్ పని

పొద్దున చదివింది మధ్యాహ్నానికి గుర్తుండి, మర్నాటికి ఎటుపోతుంది? జవాబు చాలావరకు, మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లోని సైనాప్స్‌ల దగ్గర దొరుకుతుంది. రెండు న్యూరాన్లు (నాడీకణాలు) సంకేతాలు అందించుకునే ఈ చోట, నేర్చుకున్నప్పుడు బలం పెరుగుతుంది. దీన్ని ఎల్‌టీపీ (లాంగ్ టర్మ్ పొటెన్షియేషన్) అంటారు. ఇది రెండు అంచెల్లో జరుగుతుంది. మొదటి అంచె కణంలో అప్పటికే ఉన్న సరంజామాతో నడిచిపోతుంది, అందుకే ఒకటి నుంచి మూడు గంటల్లో సడలిపోతుంది. రెండో అంచెకు కొత్త ప్రోటీన్లు తయారు కావాలి. ఆ తయారీని మొదలుపెట్టించేవాటిలో, మెదడులో సంకేతాలు మోసే రసాయనమైన డోపమిన్ ముఖ్యమైనది.

డోపమిన్ వచ్చి, న్యూరాన్ మీద దాన్ని అందుకునే డీ1, డీ5 రిసెప్టర్లకు తగులుకోగానే కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత రసాయనం పెరుగుతుంది. అది ప్రోటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైమ్‌ను లేపుతుంది. ఆ కైనేజ్ కణకేంద్రకంలోని క్రెబ్ అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేటు తగిలిస్తుంది, దాంతో కావలసిన జన్యువులు పనిలోకి దిగుతాయి. ప్రయోగశాలలో ఎలుక హిప్పోకాంపస్ ముక్కలో ఈ రిసెప్టర్లను మందుతో మూసేస్తే మొదటి అంచె దాదాపు మామూలుగానే వస్తుంది, రెండోది మాత్రం నిలవదు.

ఇక్కడ ఒక చిక్కుంది. ప్రోటీన్లు న్యూరాన్ మొత్తానికీ తయారవుతాయి, ఒక్క న్యూరాన్‌కేమో వేల సైనాప్స్‌లు. మరి ఏ సైనాప్స్‌కు చేరాలో ఎలా తేలుతుంది? 1997లో ఫ్రే, మోరిస్ అనే పరిశోధకులు దీనికి జవాబు చూపించారు. నేర్చుకున్న సైనాప్స్ దగ్గర తాత్కాలికంగా ఒక గుర్తు పడుతుంది, అటుగా వచ్చిన ప్రోటీన్లను ఆ గుర్తే పట్టుకుంటుంది. అది ఉండేది కొద్ది గంటలే. ఆలోపు ప్రోటీన్లు అందితే బలహీనంగా నేర్చుకున్నదీ నిలబడుతుంది. ఆ ప్రోటీన్లు ఇంకో సంఘటన వల్ల తయారైనా ఫరవాలేదు. ఈ విషయం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

హిప్పోకాంపస్‌కు డోపమిన్ మిడ్‌బ్రెయిన్‌లోని వీటీఏ అనే భాగం నుంచే వస్తుందని చాలాకాలం అనుకున్నారు. కానీ అక్కడినుంచి హిప్పోకాంపస్ పైభాగానికి వచ్చే తీగలు బాగా పలచన. 2016లో వచ్చిన ఒక చుంచెలుకల ప్రయోగం ఈ చిత్రాన్ని మార్చింది. ఇసుక గుంటల్లో ఒకదాంట్లో తిండి దాచి చుంచెలుకలకు చూపించారు. మామూలుగా అయితే మర్నాటికి ఆ చోటును మరిచిపోతాయి. చూపించిన అరగంటకు వాటిని ఎన్నడూ తొక్కని నేల పరిచిన పెట్టెలో కాసేపు వదిలితే మర్నాడు కూడా గుర్తుపట్టాయి. ఆ కొత్తదనానికి గట్టిగా స్పందించినవి బ్రెయిన్ స్టెమ్‌లోని లోకస్ సెరులియస్ న్యూరాన్లు. ఇవి నార్‌అడ్రినలిన్ అనే మరో రసాయనాన్ని వదలడానికి పేరుపడ్డవి. అయినా, నార్‌అడ్రినలిన్ బీటా రిసెప్టర్లను ప్రోప్రనలాల్ అనే మందుతో ఆపినా మేలు తగ్గలేదు. హిప్పోకాంపస్‌లో డీ1, డీ5లను ఆపితే పోయింది, అంటే ఆ న్యూరాన్లు డోపమిన్‌ను కూడా వదులుతున్నట్టే.

పిల్లల్లో కూడా ఇలాంటిదే కనిపించింది. అర్జెంటీనా ప్రాథమిక పాఠశాలల్లో చేసి 2013లో ప్రచురించిన పరిశోధన అది. పిల్లలకు ఒక కథ చదివి వినిపించారు. దానికి గంట ముందో, గంట తర్వాతో వాళ్లకు పరిచయం లేని సైన్స్ లేదా సంగీతం క్లాసు పెట్టారు. మర్నాడు వాళ్లకు కథ మెరుగ్గా గుర్తుంది. అదే క్లాసు నాలుగు గంటల దూరంలో పెడితే లాభం లేదు. రోజూ ఉండే క్లాసైతే, దగ్గరలో పెట్టినా లాభం లేదు.

కాబట్టి టైమ్‌టేబుల్ వేసే టీచర్లు వారంలో అన్నిటికంటే కష్టమైన పాఠానికి గంట అటూఇటూగా పిల్లలు అంతవరకు చూడని ప్రయోగాన్నో, వెళ్లని చోటునో పెట్టి చూడవచ్చు. అది పాఠానికి సంబంధించినదే కానక్కర్లేదు. రెండోసారి అదే ప్రయోగం చేయిస్తే కొత్తదనం తగ్గిపోతుంది కాబట్టి మారుస్తూ ఉండాలి. పాఠం అసలు తలకెక్కకపోతే గుర్తే పడదు, అప్పుడు ప్రోటీన్లు తయారైనా పట్టుకునే చోటుండదు. పొద్దుట్నుంచి రాత్రిదాకా ఒకే గదిలో, ఒకే బెంచీ మీద స్టడీ అవర్లు నడిపే మన ఇంటర్ హాస్టళ్లలో ఈ అవకాశం దాదాపు లేనట్టే. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

డోపమిన్ ఎంత పెరిగితే అంత మంచిదనుకోవడం మాత్రం పొరపాటు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసు వాళ్లకు, మెదడులోకి వెళ్లి డోపమిన్‌గా మారే పార్కిన్సన్స్ మందు లెవోడోపా ఇచ్చి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు గంటలకు జ్ఞాపకాన్ని పరీక్షిస్తే తేడా లేదు, ఆరు గంటలకు కనిపించింది. అదీ శరీర బరువుకు తగ్గ మధ్యస్థ మోతాదు అందినవాళ్లలోనే. తక్కువైనా ఎక్కువైనా ఫలితం పడిపోయింది.

తిండితో పెంచుదామన్నా కుదరదు. డోపమిన్ రక్తంలోంచి మెదడులోకి దాటలేదు. దాని ముడిసరుకైన టైరోసిన్ మామూలు భోజనంలోనే సరిపడా ఉంటుంది, దాన్ని మార్చే ఎంజైమ్ దాదాపు నిండుగా పనిచేస్తూనే ఉంటుంది. దురదగొండి గింజల్లో మాత్రం లెవోడోపా నిజంగానే ఉంది. అందుకే జ్ఞాపకశక్తి కోసమని ఆ గింజల పొడిని పిల్లలకు పెట్టకూడదు. గింజకూ గింజకూ మోతాదు మారుతుంది. వాంతులు, బీపీ పడిపోవడం లాంటివి రావచ్చు. పార్కిన్సన్స్‌కు మందులు వాడేవాళ్లు ఆ పొడి తీసుకుంటూ ఉంటే న్యూరాలజిస్టుకు తప్పక చెప్పాలి, ఎందుకంటే అదే మందు రెండు వైపుల నుంచి ఒంట్లోకి చేరుతోంది.